రాగమాల నుంచి రగడ వరకు: దృశ్యసంగీతానికి తెలుగు ఛందోభూమిక

1. ప్రస్తావన

హైదరాబాదు పాతనగరం దక్షిణ భాగంలో జహనుమా, ఫలక్‌నుమా ఇరుగుపొరుగు పేటలు. రెండు పేర్లలోనూ ‘నుమా’ అన్న పారశీ పదం ఉత్తరపదంగా ఉన్నది. ‘నుమా’ అంటే చూపేది. ఫలక్‌నుమా ఆకాశాన్ని చూపేది. జహాన్‌నుమా లోకాన్ని చూపేది. లోకమంతా ప్రతిఫలించే జమ్‌షీదు పానపాత్రకు పారశీ, ఉర్దూ కవులు వాడిన విశేషణం కూడా ఇదే. బొమ్మను గురించి మన విమర్శలో స్థిరపడిన అభిప్రాయం ఈ పేరులోనే ఇమిడి ఉన్నది. బొమ్మ దేనినో ఒకదానిని చూపాలి. చెట్టునో, మనిషినో, దేవతనో, కథనో చూపాలి. దేనినీ చూపని బొమ్మ, అందులోనూ కదిలే బొమ్మ, ఎదురైనప్పుడు ఈ అభిప్రాయం విమర్శకుడికి తోడు రాదు.

అటువంటి బొమ్మల కళే దృశ్యసంగీతం. గీతలు, చుక్కలు, వర్ణఖండాలు కథతోను పాత్రలతోను నిమిత్తం లేకుండా, సంగీతంలో స్వరాలు నడిచినట్లు కాలంలో నడవడం దీని లక్షణం. మీటలు నొక్కితే స్వరాలకు బదులు రంగులు కనిపించే వాద్యాన్ని ఫ్రాన్సులో లూయీ బెర్త్రాఁ కాస్తెల్ 1725లో ఊహించాడు. చలనచిత్రం వచ్చాక ఆ ఊహకు కాలం తోడయింది. జర్మనీలో వాల్టర్ రూట్‌మన్ 1921లో ‘లిష్ట్‌ష్పీల్ ఓపుస్ 1’ ప్రదర్శించాడు. ఆ తరువాత ఓస్కార్ ఫిషింగర్, లెన్ లై, నార్మన్ మెక్‌లారెన్, విట్నీ సోదరులు ఈ మార్గాన్ని విస్తరించారు. భారతదేశంలో అక్బర్ పదంసీ, భారతదేశం నుంచి కెనడా వెళ్లి పనిచేసిన ఈషు పటేల్ ఈ మార్గంలో చెప్పుకోదగిన చిత్రాలు తీశారు.

ఈ కళను తెలుగులో వివరించబోయే వారికి ఒక సమాధానం సులభంగా తోస్తుంది: సంగీతానికి రూపం కట్టడం మనకు కొత్త కాదు, రాగమాల చిత్రాలు ఉన్నాయి కదా అని. హైదరాబాదులో ఈ సమాధానం మరింత సహజం. దక్కనీ రాగమాలలు ఈ నేలపై పుట్టినవే. ఆ సమాధానం అందమైనదే గాని సరియైనది కాదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. దృశ్యసంగీతానికి మన సంప్రదాయంలో దగ్గరి బంధువు రాగం కాదు, తాళం; చిత్రపటం కాదు, ఛందస్సు. ఈ ప్రతిపాదనకు ఆధారాలను, దానికి రాగల ఆక్షేపాలను క్రమంగా పరిశీలించవలసి ఉన్నది.

2. రాగమాల చూపేది ఏమిటి?

రాగమాల చిత్రణలో సంగీతం నేరుగా బొమ్మ కాదు. మధ్యలో మాట ఉంటుంది. రాగాన్ని దేవతగా, నాయకుడుగా, నాయికగా వర్ణించే ధ్యానశ్లోకం ముందు పుడుతుంది. చిత్రకారుడు ఆ వర్ణనకు రూపం ఇస్తాడు. ఆరు రాగాలు, ఒక్కొక్క రాగానికి అయిదుగురు రాగిణులు అన్న హనుమన్మతం ప్రకారం మొత్తం 36 రూపాలు. తోడి రాగిణి వీణ ధరించి, లేళ్లు చుట్టూ చేరగా అడవిలో నిలుస్తుంది. అసావరి పాములతో ఉంటుంది. హిందోళం ఉయ్యాల ఎక్కుతుంది. భైరవి శివలింగాన్ని అర్చిస్తుంది. బిజాపురాన్ని 1580 నుంచి 1627 వరకు పాలించిన రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా తన ‘కితాబ్-ఎ-నౌరస్’లో రాగాలకు ఇటువంటి రూపవర్ణనలు చేశాడు. 18వ శతాబ్దంలో హైదరాబాదు చిత్రకారులు ఈ సంప్రదాయాన్ని నాజూకైన మేడలు, పూలతోటలు, ముదురు వర్ణాలతో కొనసాగించారు.

ఈ చిత్రాల సౌందర్యం వివాదాంశం కాదు. అవి చూపేది నాదాన్నా, నాదానికి పెట్టిన పేరునా అన్నదే ప్రశ్న. తోడి ఉదాహరణతో ఈ ప్రశ్న తేలిపోతుంది. హిందుస్తానీ సంగీతంలో తోడి స్వరాలు వేరు, కర్ణాటక సంగీతంలో తోడి స్వరాలు వేరు. కర్ణాటక తోడి స్వరస్థానాలు హిందుస్తానీలో భైరవికి దగ్గర. హిందుస్తానీ తోడి స్వరస్థానాలు కర్ణాటకంలో శుభపంతువరాళికి దగ్గర. మరి లేళ్ల నడుమ వీణ పట్టిన స్త్రీ ఏ నాదానికి రూపం? ఆమె రెండింటికీ రూపం కాదు. తోడి అన్న పేరుకు రూపం. స్వరాలు మారినా బొమ్మ మారదు. బొమ్మను చూసి స్వరాన్ని ఊహించడం కుదరదు.

రెండవ లోపం కాలానికి సంబంధించినది. రాగం కాలంలో విచ్చుకుంటుంది. చిత్రపటం ఒక్క క్షణాన్ని పట్టుకుంటుంది. ఉయ్యాల మీది హిందోళం ఎన్నడూ ఊగదు. చూపరి కంటికి ఊగినట్లు తోచేలా చేయడం చిత్రకారుని ప్రతిభ. ఆ ఊపుకు లెక్క మాత్రం లేదు. దృశ్యసంగీతం మొదలయ్యేది ఈ లెక్క దగ్గరే. కనుక రాగమాలను దృశ్యసంగీతానికి పూర్వరూపంగా చెప్పడం వల్ల రెండింటికీ అన్యాయం జరుగుతుంది. రాగమాల కావ్యానికి చిత్రరూపం. ధ్యానశ్లోకం, నాయికాభేదం, రసం అన్న సాహిత్య పరికరాలతో చదివినప్పుడే అది తన సొగసు చూపుతుంది.

3. కంటికి కనిపించే తాళం

మన సంగీతంలో కంటికి కనిపించే అంశం వేరొకటి ఉన్నది. అది తాళం. మార్గతాళ పద్ధతిలో ధ్రువం, శమ్య, తాళం, సన్నిపాతం సశబ్ద క్రియలు. ఆవాపం, నిష్క్రామం, విక్షేపం, ప్రవేశం నిశ్శబ్ద క్రియలు. చేయి చప్పుడు చేసినా, చప్పుడు లేకుండా గాలిలో కదిలినా రెండూ కాలాన్ని కొలిచే క్రియలే. నేటి కచేరీలో ఆదితాళం వేసే శ్రోత చేతిని గమనించినా ఇదే కనబడుతుంది. లఘువుకు ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క. ద్రుతానికి ఒక దెబ్బ, ఒక విసర్జితం. ద్రుతాలు రెండు గనుక మొత్తం ఎనిమిది అక్షరాలు. ఆ చేయి దేనినీ అభినయించదు. పూవును చూపదు, లేడిని చూపదు. కాలం ఎక్కడ ఉన్నదో మాత్రమే చూపుతుంది. దేనికీ ప్రతిరూపం కాని, అయినా కచ్చితమైన దృశ్యచలనం శాస్త్రంలోనే ఉన్నదని దీనివల్ల తెలుస్తుంది.

ఇది శాస్త్రానికే పరిమితమైన సంగతి కాదు. రాగమాల దర్బారుల ఆదరణలో పెరిగింది. జహనుమా వీధులలో వినిపించేది తాళం. సమీపంలోని బార్కస్, నిజాం సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బుల సంతతివారు స్థిరపడిన పేట. అరబ్బు, సిద్దీ కుటుంబాలు ఈ నగరానికి తెచ్చిన మర్ఫా వాద్యం పెళ్లి ఊరేగింపుల్లో నేటికీ మోగుతుంది. లాల్‌దర్వాజా బోనాలలో పోతరాజు అడుగు డప్పు దరువును అనుసరిస్తుంది. నగరమంతటా వాడుకలో ఉన్న ‘తీన్‌మార్’ అన్న పేరుకు మూడు దెబ్బలని అర్థం. ఒక లయకు దేవత పేరో, నాయిక పేరో పెట్టకుండా దాని లెక్కనే పేరుగా పెట్టుకున్న వీధి సంప్రదాయం ఇది. వినేవారి కాళ్లు, భుజాలు ఆ లెక్కను కంటికి కనిపించేలా చేస్తాయి.

తోలుబొమ్మలాటను కూడా ఇక్కడ స్మరించాలి. పాల్కురికి సోమనాథుని నాటికే తెలుగునాట ప్రసిద్ధమైన ఈ కళలో వెలుగు, రంగు, చలనం, దరువు నాలుగూ ఉన్నాయి. పారదర్శకమైన తోలుకు అద్దిన రంగులు దీపకాంతిలో తెరపై కదులుతాయి. యుద్ధఘట్టాలలో ఆటగాడు కాలికింది చెక్కను తొక్కి దరువును పెంచుతాడు. అయితే ఈ నాలుగు అంశాలూ రామాయణ భారత కథలకు లోబడి ఉంటాయి. బొమ్మ రావణుడు కావడం మానదు. ‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుని భోజనఘట్టం కూడా అంతే. లడ్డూలు పాట లయలో కదులుతాయి గాని, ఆ కదలిక కథలోని మాయకు నిదర్శనంగానే నిలుస్తుంది. సాధనాలన్నీ చేతిలో ఉండి కూడా కథను విడిచిపెట్టే అవసరం మన దృశ్యకళలకు రాలేదు. ఆ అవసరం వచ్చిన చోట ఏమి జరిగిందో చూడడం ఉపయుక్తం.

4. మూడు చిత్రాలు

జేమ్స్ విట్నీ ‘లాపిస్’ (1966)లో అసంఖ్యాకమైన చుక్కలు ఒక కేంద్రం చుట్టూ చేరి, విడిపోయి, మళ్లీ మండలాలుగా కుదురుకుంటాయి. నేపథ్యంలో రవిశంకర్ సితారు వినిపిస్తుంది. భారతీయ సంగీతంతో ముడిపడిన దృశ్యసంగీత చిత్రాలలో ఇది సుప్రసిద్ధం. కాని ఇక్కడ సంగీతానికీ బొమ్మకూ ఉన్న సంబంధం రాగమాల సంబంధమే. రెండూ ఒకే ధ్యానస్థితిని సూచిస్తూ పక్కపక్కన సాగుతాయి. సితారు స్థానంలో వేరొక గంభీరమైన రాగం ఉన్నా చుక్కల నడక చెడదు. భావసామ్యం ఉన్నది, గతిసామ్యం లేదు. చిత్రం గొప్పతనం చుక్కల అమరికది. రాగం దానికి పరిమళం వంటిది.

అక్బర్ పదంసీ ‘సిజిజీ’ (1970) ఇందుకు పూర్తిగా భిన్నం. జవహర్‌లాల్ నెహ్రూ ఫెలోషిప్ సాయంతో బొంబాయిలో ఆయన నడిపిన ప్రయోగశాలలో, యానిమేటర్ రామ్‌మోహన్ సహకారంతో తయారైన ఈ నలుపు తెలుపు చిత్రంలో బిందువులు, రేఖలు సంఖ్యాక్రమాన్ని అనుసరించి పెరుగుతాయి, కలుస్తాయి, విడిపోతాయి. చిత్రంలో శబ్దమే లేదు. దృశ్యసంగీతంలో సంగీతం లేకపోవడం మొదట విరోధాభాసగా తోస్తుంది. నిశ్శబ్ద క్రియ అన్న శాస్త్రసంకేతం తెలిసినవారికి ఇందులో విరోధం లేదు. చప్పుడు లేని చేయి కాలాన్ని కొలిచినట్లే చప్పుడు లేని రేఖ కాలాన్ని కొలుస్తుంది. ‘లాపిస్’లో రాగం ఉండి తాళం బలహీనమైంది, ‘సిజిజీ’లో నాదమే లేకపోయినా తాళం నిలిచింది. రెండింటిలో సంగీతధర్మానికి దగ్గరగా ఉన్నది రెండవదే అనవలసి వస్తుంది.

అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో శిక్షణ పొందిన ఈషు పటేల్, కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డుకు ‘బీడ్ గేమ్’ (1977) తీశాడు. వేలాది పూసలను నల్లని తలంపై కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఈ చిత్రానికి జ్ఞానప్రకాశ్ ఘోష్ సంగీతం సమకూర్చాడు. తాళవాద్యమే అందులో ప్రధానం. ఒక పూస రెండవుతుంది, రెండు గుంపవుతాయి, గుంపు ప్రాణి అవుతుంది, ప్రాణి మరొక ప్రాణిని మింగుతుంది. చివరకు మనిషి, యుద్ధం, అణువు. ఈ చిత్రం నైరూప్యానికీ రూపానికీ నడుమ నడుస్తుంది. అయినా ప్రేక్షకుడి దృష్టిని పట్టి ఉంచేది ఏ ప్రాణి ఏ ప్రాణిని మింగిందన్న కథకన్నా ఒక ఆకృతి మరొక ఆకృతిగా మారే వేగం, ఆ వేగానికి బదులిచ్చే దరువు. రూపం తాత్కాలికం, గతి శాశ్వతం అన్నది ఈ చిత్రంలోని అనుభవం. ఇదే దర్శకుడు అంతకు ముందు తీసిన ‘పెర్‌స్పెక్ట్రమ్’ (1975)లో రూపాలు కూడా లేవు. పలుచని జ్యామితీయ ఆకారాలు జపానీయుల కోటో వాద్యానికి అనుగుణంగా కూడి, విడిపోతాయి.

5. రగడ: ఏనుగు పోయి నడక మిగిలిన చోటు

రూపాన్ని విడిచి గతిని మాత్రమే గ్రహించడం తెలుగు లాక్షణికులకు తెలియనిది కాదు. నవవిధ రగడల పేర్లే ఇందుకు సాక్ష్యం. హయప్రచారం, తురగవల్గనం, హరిగతి, ద్విరదగతి, హరిణగతి, వృషభగతి: ఇవి గుర్రం, ఏనుగు, లేడి, ఎద్దు మొదలైన జంతువుల నడకల పేర్లు. ద్విరదగతి రగడలో కవి ఏనుగును వర్ణించనక్కరలేదు. స్వామిని స్తుతించవచ్చు, వనాన్ని వర్ణించవచ్చు, యుద్ధాన్ని చెప్పవచ్చు. ఏనుగు పోయింది, దాని నడక మిగిలింది. ఆ నడక నాలుగు పంచమాత్రాగణాల కొలతగా పాదంలో నిలిచింది. రాగమాల చిత్రకారుడు నాదానికి లేడిని జతచేశాడు. రగడకు పేరు పెట్టిన లాక్షణికుడు లేడిని తొలగించి దాని గతిని గ్రహించాడు. నైరూప్యత అన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ మన అలంకారశాస్త్రంలో వెదకవలసిన పని లేదు.

ఈ సామ్యం మాటవరసకు చెప్పేది కాదని లెక్క వేసి చూపవచ్చు. చలనచిత్రంలో సెకనుకు 24 ఫ్రేములు. మాత్రకు ఆరు ఫ్రేములు కేటాయిస్తే హయప్రచార రగడ పాదం 12 మాత్రలు, 72 ఫ్రేములు, 3 సెకన్లు. మధురగతి 16 మాత్రలు, 96 ఫ్రేములు, 4 సెకన్లు. ద్విరదగతి 20 మాత్రలు, 120 ఫ్రేములు, 5 సెకన్లు. మూడు, నాలుగు మాత్రల గణాలు ఒకదాని వెంట ఒకటి వచ్చే వృషభగతి 28 మాత్రలు, 168 ఫ్రేములు, 7 సెకన్లు. యానిమేటర్ ప్రతి కదలికకు ముందుగా వేసుకునే ఫ్రేముల పట్టికకూ, ఛందోవిద్యార్థి వేసే గణవిభజనకూ స్వభావంలో భేదం లేదు. రెండూ అర్థాన్ని పక్కనపెట్టి కాలాన్ని ఖండించే పద్ధతులు. రగడకు పాదాల సంఖ్యలో పరిమితి లేకపోవడం, రెండేసి పాదాలను అంత్యప్రాస జతపరచడం కూడా గమనార్హం. ఎంత దూరమైనా సాగగల చలనాన్ని రెండేసి అంచెలుగా కంటికి అందించడం నైరూప్య చిత్రకారుడికి ఎదురయ్యే ప్రధాన సమస్య. రగడ నిర్మాణంలో దానికి ఒక పరిష్కారం ఉన్నది.

గురజాడ ముత్యాలసరం కూడా మూడు, నాలుగు మాత్రల మిశ్రగతిలో నడిచేదే. ఒక గతికి దారాన గుచ్చిన ముత్యాల పేరు పెట్టడంలో లయను కంటితో చూసిన దృష్టి ఉన్నది. ‘బీడ్ గేమ్’ చూసే తెలుగు పాఠకుడికి ఈ పేరు గుర్తురావడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ చిత్రాన్ని చదవడానికి అది మంచి ప్రవేశద్వారం.

6. యతి: కలయికకు ఒక సూత్రం

ఈ ప్రతిపాదనకు గట్టి ఆక్షేపం ఒకటి ఉన్నది. బొమ్మ తాళాన్ని అనుసరించాలంటే ప్రతి దెబ్బకూ ఒక గెంతు వేయవలసి వస్తుంది. అప్పుడు బొమ్మ సంగీతానికి నకలుగా దిగజారుతుంది. కార్టూను చిత్రాలలో ఈ దోషం తరచు కనబడేదే. ఫిషింగర్ జీవితంలోనూ ఈ సంఘర్షణ ఉన్నది. డిస్నీ ‘ఫాంటాసియా’ (1940)లో బాఖ్ రచన ఆధారంగా సాగే తొలి భాగానికి ఆయన పనిచేశాడు. తన నైరూప్య రూపకల్పనలను లోకంలోని వస్తువులను పోలేలా మార్చడం నచ్చక తప్పుకున్నాడు. తరువాత స్వతంత్రంగా తీసిన ‘మోషన్ పెయింటింగ్ నం. 1’ (1947)లో బాఖ్ మూడవ బ్రాండెన్‌బర్గ్ కాన్‌సెర్టో వినిపిస్తుంది. పారదర్శక ఫలకంపై తైలవర్ణాలతో కుంచె కుంచెకు పెరిగే సుడులు ఆ సంగీతాన్ని దెబ్బ దెబ్బకూ అనుసరించవు. అయినా రెండూ విడిపోయినట్లు తోచదు. ఇది ఎలా సాధ్యం?

తెలుగు యతి ఇక్కడ సమాధానాన్ని సూచిస్తుంది. సంస్కృత ఛందస్సులో యతి విరామం; అక్కడ పదం ముగియాలి. తెలుగులో యతి అక్షరమైత్రి. ఉత్పలమాలలో పదవ అక్షరం వద్ద పద్యం ఆగదు. పాదాది అక్షరానికి మిత్రమైన ధ్వని అక్కడ వినిపించి, నడక సాగిపోతుంది. పదం విరుపు ఒక చోట, గణం విరుపు మరొక చోట ఉంటాయి. పాదం ముగిసినా మాట ముగియక తరువాతి పాదంలోకి దాటుతుంది. మాట నడక, గణాల నడక వేరువేరుగా సాగుతూ నియతస్థానాలలో మాత్రం కలుసుకోవడం వల్లనే మన వృత్తపద్యానికి బిగువు వచ్చింది. రెండూ ప్రతి చోటా కలిస్తే పద్యం పిల్లల లెక్కల పాట అవుతుంది. ఎక్కడా కలవకపోతే వచనం అవుతుంది.

బొమ్మకూ సంగీతానికీ ఉండవలసిన సంబంధం ఇదే. ‘మోషన్ పెయింటింగ్’లో సుడుల పెరుగుదల ఒక నడక, బాఖ్ సంగీతం మరొక నడక, కొన్ని స్థానాలలో అవి మైత్రి పాటిస్తాయి, తక్కిన చోట్ల స్వతంత్రంగా సాగుతాయి. ఈ కొలమానంతో చూస్తే ‘లాపిస్’లో యతిస్థానాలు పలుచన. దరువు ఎక్కువైన కార్టూనులో అన్నీ యతిస్థానాలే. ‘బీడ్ గేమ్’ ఈ రెండింటికీ నడుమ ఉన్నది. విలువను నిర్ణయించే విమర్శ సాధనంగా యతి పనికివస్తుందన్నది దీనివల్ల స్పష్టం.

మరొక ఆక్షేపానికి కూడా స్థానం ఇవ్వాలి. తాళం ఆవర్తనశీలం, తిరిగి సమానికి వస్తుంది. చలనచిత్రం ముందుకే పోతుంది. కనుక తాళలక్షణం చిత్రమంతటినీ వివరించలేదు. ఇది నిజమే. ‘బీడ్ గేమ్’లో అణువు దాకా సాగే క్రమాన్ని ఏ ఆవర్తనమూ వివరించదు, అక్కడ కావ్యంలోని వస్తువిన్యాసం వంటిది కావలసి వస్తుంది. ఛందస్సు పద్యం నడకను చెబుతుంది గాని, కావ్యం ఎందుకు అక్కడ ముగిసిందో చెప్పదు. దృశ్యసంగీత విమర్శలోనూ దాని పరిధి అంతే. ఆ పరిధిలో దానికి సాటి రాగల పరికరం మరొకటి కనబడదు.

7. ఉపసంహారం

హైదరాబాదు నేడు యానిమేషన్ పరిశ్రమకు పేరుపడిన నగరం. 2001లో ఇక్కడ ఆరంభమైన గ్రీన్ గోల్డ్ సంస్థ ‘ఛోటా భీమ్’ 2008 నుంచి దేశమంతటా పిల్లలకు పరిచయం. ఆ ధారావాహిక వంటి రచనలన్నీ పాత్రల మీద, కథ మీద నడిచేవి. వాటిని విమర్శించడానికి కథావిమర్శ పరికరాలు చాలు. ఆ పరికరాలతోనే నైరూప్య చిత్రాన్ని సమీపిస్తే అది అర్థం కానిదిగానో, రాగమాలకు నవీన రూపంగానో మాత్రమే కనిపిస్తుంది. మొదటి తీర్పు కళను తిరస్కరిస్తుంది. రెండవది దానిని పొగుడుతూనే పొరపాటుగా చదువుతుంది.

గణం, మాత్ర, గతి, యతి, ప్రాస, నిశ్శబ్ద క్రియ అన్న మాటలు తెలుగు శాఖలలో ప్రతి ఏటా బోధించేవే. వాటిని పద్యానికి మాత్రమే కట్టిపెట్టడం వల్ల ఛందస్సు పరీక్ష కోసం గురులఘువులు గుర్తించే అభ్యాసంగా మిగిలిపోతున్నది. కాలాన్ని ఖండించి, ఆ ఖండాలకు కంటికి కనిపించే నడకల పేర్లు పెట్టిన శాస్త్రంగా దానిని చదివితే ఛందస్సుకు కొత్త అన్వయం దొరుకుతుంది; దృశ్యసంగీతానికి తెలుగులో మాట దొరుకుతుంది. ‘సిజిజీ’ని గాని ‘బీడ్ గేమ్’ను గాని తరగతిలో ప్రదర్శించి, మాత్రాగణనతో విభజింపజేయడం ఇందుకు సాధ్యమైన తొలి మెట్టు. ఆ విభజనలో పదం విరుపు, గణం విరుపు ఎక్కడ కలుస్తున్నవో గుర్తించగల విద్యార్థి పద్యాన్ని కూడా అంతకు ముందుకన్నా శ్రద్ధగా వింటాడు.